కాన్ఫరెన్స్ మారితే పాత పగ మిగులుతుందా?

వాది: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీల జట్లు 1910 నుంచి ఏటా తలపడ్డాయి. 'బెడ్‌లమ్' అంటారు ఆ మ్యాచ్‌ని. 2023 నవంబర్ 4న స్టేట్ 27-24తో గెలిచింది, అంతటితో సరి. 2024లో ఓక్లహోమా తన కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడుకునే లీగ్) బిగ్ 12ని వదిలి, మరో కాన్ఫరెన్స్ ఎస్ఈసీకి వెళ్లిపోయింది. రెండు ఊళ్లేమైనా దూరం జరిగాయా?

ప్రతివాది: ఊళ్లు కాదు, క్యాలెండర్ చూడండి. రెగ్యులర్ సీజన్‌లో జట్టుకు 12 మ్యాచ్‌లు. బిగ్ 12లో తొమ్మిది లోపలివాళ్లతోనే. 2026 నుంచి ఎస్ఈసీలోనూ అంతే. మిగిలే మూడింట్లో ఒకటో రెండో చిన్న జట్టుకు డబ్బిచ్చి సొంత స్టేడియానికి రప్పించుకోడానికే పోతాయి. టికెట్ల రాబడి, దాదాపు ఖాయమైన గెలుపు. ఎవరు వదులుకుంటారు?

వాది: బయటి పెద్ద జట్టుతో ఏటా ఒక మ్యాచ్ ఆడాలని ఎస్ఈసీ నియమమే ఉంది కదండీ! ఆ చోటు 2025లో మిషిగన్‌కి దక్కింది.

ప్రతివాది: అలాంటి ఒప్పందాలు ఏళ్ల ముందే కుదురుతాయి, చివర్లో తప్పుకుంటే పరిహారం కట్టాలి. అయినా అదే ఎస్ఈసీ 2024లో టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎంలను మళ్లీ కలిపింది. టెక్సస్ 17-7తో గెలిచింది.

వాది: 2011లో విడగొట్టింది కూడా ఈ వలసలే! మధ్యలో చదువుకుని వెళ్లిపోయిన బ్యాచ్‌లకు ఆ పగ ఎవరు నేర్పాలి? వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ జట్లు ఆడే ఆపిల్ కప్ సంగతి చూడండి. వాషింగ్టన్ బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కి పోయాక, సీజన్ చివర్లో జరగాల్సింది 2024లో సెప్టెంబర్ 14కి మారింది. వాషింగ్టన్ స్టేట్ 24-19తో గెలిచినా, ప్రత్యర్థి కాన్ఫరెన్స్ పట్టికలో గీత కూడా కదల్లేదు. ఒకే కాన్ఫరెన్స్‌లో ఉండి నవంబర్‌లో ఆడితే ఆ దెబ్బకు టైటిల్ ఆశే పోవచ్చు.

ప్రతివాది: ఆగిపోవడం కన్నా నయమే. 2028 దాకా ఒప్పందం ఉంది.

వాది: ఆ 'నయం' నాకు రుచించదు. క్లెమ్సన్ ఏసీసీ, సౌత్ కరోలినా ఎస్ఈసీ. కాన్ఫరెన్స్‌లు వేరైనా సీజన్ ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ వారంలోనే ఆడుకుంటున్నాయిగా?

ప్రతివాది: ఆ జంటల కోసం రెండు కాన్ఫరెన్స్‌లూ ఆ వారాన్ని ఖాళీగా ఉంచుతాయి. బిగ్ 12 మాత్రం ఆఖరి వారాన్ని తన మ్యాచ్‌లతో నింపేస్తుంది. మీరు నిలదీయాల్సింది ఓక్లహోమానొక్కదాన్నే కాదు, షెడ్యూల్ వేసేవాళ్లని.

వాది: నిలదీస్తాను. కానీ వదిలి వెళ్లింది ఓక్లహోమాయే.