మా పాప చెప్పిందే కరెక్టు: కార్డిఫ్ ఇంగ్లండ్‌లో లేదు

నిన్న బ్రిస్టల్‌లో తెలిసినవాళ్ళింట్లో పుట్టినరోజు భోజనాలు. అక్కడ ఒక పెద్దాయన మా పాపని దగ్గరికి పిలిచి "ఇంగ్లండ్‌లో ఎక్కడుంటారమ్మా మీరు?" అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల. "ఇంగ్లండ్ కాదు అంకుల్, వేల్స్. కార్డిఫ్‌లో" అంది. ఆయన పెద్దగా నవ్వేసి "అదీ ఇంగ్లండేలేమ్మా, అందులో ఒక జిల్లా లాంటిది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. పాప మొహం చిన్నబుచ్చుకుని నా వెనక్కి వచ్చి నిలబడింది. పెద్దాయన కదా అని నేనేమీ అనలేదు. అనకుండా వచ్చినందుకు రాత్రంతా నిద్రలేదు.

జిల్లానా? వేల్స్ అంటే బ్రిటన్‌లో ఇంగ్లండ్ పక్కనున్న వేరే దేశం. జిల్లాకి రాజధాని ఉంటుందా? కార్డిఫ్‌ని 1955లోనే వేల్స్ రాజధానిగా ప్రకటించారు. సొంత పార్లమెంటు ఉంది, సెనెడ్ అంటారు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో వేల్స్ ఇంగ్లండ్ మీదే ఆడింది. ఏ జిల్లా ఆడుతుందండీ అలా?

ఈ నవ్వు కొత్తది కాదు. 1746లో చట్టమే చేశారు, చట్టాల్లో ఇంగ్లండ్ అని రాస్తే వేల్స్ కూడా అందులో ఉన్నట్టేనని. 1967 దాకా అదే నడిచింది. అంతకుముందు 1536లో అయితే ఇంగ్లీషు రానివాడికి వేల్స్‌లో ప్రభుత్వ పదవే లేకుండా చేశారు. సొంత ఊళ్ళో, సొంత భాష మాట్లాడేవాడికి!

ఇవన్నీ పాత సంగతులే అనుకుందాం. కాపెల్ కెలిన్ సంగతేంటి? వేల్స్‌లో, ట్రవెరిన్ లోయలో చిన్న ఊరు. బడి, చర్చి, పోస్టాఫీసు, శ్మశానం, అన్నీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి నీళ్ళు కావాలని ఆ లోయలో డ్యాం కడతామన్నారు. 1957లో లండన్ పార్లమెంటులో బిల్లు పెడితే వేల్స్ ఎంపీలు 36 మందిలో 35 మంది వద్దన్నారు, మిగిలిన ఒక్కరూ దానికి ఓటెయ్యలేదు. అయినా పాసైంది. 1965కల్లా ఊరు నీళ్ళ కింద ఉంది. లివర్‌పూల్ నగరపాలక సంస్థ క్షమాపణ చెప్పింది 2005లో, నలభై ఏళ్ళకి. శ్రీశైలం ముంపులో ఊళ్ళు పోయినవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. ఊరు మునగడమంటే ఏమిటో మనకి వేరే చెప్పాలా?

ఒక జాతి మొత్తం వద్దన్నా లెక్క ఉండదని ఆ రోజు తెలిసింది వాళ్ళకి. అయినా 1979లో ఓటింగు పెడితే సొంత సభ వద్దని ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు అన్నారు. "వాళ్ళే వద్దన్నారుగా" అని నాతో వాదించేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. 1997 దాకా రండి, అదే ప్రశ్న మీద మళ్ళీ ఓటింగు పెట్టారు. ఆ రాత్రి చిట్టచివరి ఫలితం, కార్మార్థెన్‌షైర్‌ది, వచ్చేదాకా ఓడిపోయినట్టే ఉంది. చివరికి సొంత సభ కావాలన్నవాళ్ళే గెలిచారు, 6,721 ఓట్ల తేడాతో. 2011లో సభకి తన చేతిలో ఉన్న విషయాల్లో చట్టాలు చేసే పూర్తి అధికారం ఇవ్వాలా అంటే 63.5 శాతం అవునన్నారు. ఇంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని మనం ప్లేటులో బిర్యానీ పెట్టుకుంటూ జిల్లా అనేస్తామా? ఇప్పటికీ పోలీసులూ కోర్టులూ లండన్ చేతిలోనే ఉన్నాయి, ఆ బాధ వాళ్ళకి చాలదా?

అసలు నాకు ఇంత మంట ఎందుకంటే, ఢిల్లీలో చదువుకున్న రెండేళ్ళూ హాస్టల్లో నన్ను అందరూ మద్రాసీ అనేవాళ్ళు. మాది ఏలూరు, మా భాష తెలుగు అని ఎన్నిసార్లు చెప్పినా "అదే, మద్రాసీయే కదా" అని నవ్వేవాళ్ళు. సరిగ్గా అదే నవ్వు నిన్న. మనకి జరిగితే ఎంత కోపమొస్తుంది! మరి మనమే ఇంకొకళ్ళని అలా ఎలా అంటాం?

తిరిగొచ్చేటప్పుడు సెవర్న్ నది మీద రెండో వంతెన దాటాం. 2018లో దానికి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పేరు పెట్టారు, వేలమంది వద్దని సంతకాలు చేసినా. 1282లో వేల్స్ పాలకుడు లెవెలిన్‌ని చంపి, 1301లో ఇంగ్లండ్ రాజు తన కొడుక్కి ఇచ్చుకున్న బిరుదు అది.

ఇంటికొచ్చాక పాప "అమ్మా, నేను తప్పు చెప్పానా?" అంది. తప్పేం చెప్పలేదు నాన్నా. దీపావళికి ఆ పెద్దాయన మళ్ళీ కలుస్తారు. అప్పుడు నేనే చెప్తాను, అందరి ముందూ.