పదిహేనేళ్ల కారును ఇంట్లో బాగుచేసుకోకూడదా? ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

హైదరాబాద్ అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. పాత కారుపై ఇంట్లో ఎవరూ పానా పట్టుకోవద్దని, వీలైనంత త్వరగా దాన్ని వదిలించుకోవాలని అది చెబుతుంది. పదిహేనేళ్లు నిండిన కారు నగరంలో చెల్లదు, కంప్యూటర్ ఉన్న ఇంజన్ సామాన్యుడికి అర్థం కాదు, సొంతంగా రిపేరు చేస్తే ఇన్సూరెన్స్ రాదు, వారంటీ పోతుంది, స్పేర్లు దొరకవు, ప్రాణాలకే ముప్పు, పైగా అమ్మితే ధర రాదు అని అందులో కారణాలు చూపారు. వీటిలో ప్రాణాల మాటకు మాత్రమే బలముంది. మిగిలినవి పాత కారున్న మధ్యతరగతి వాళ్లను అనవసరంగా భయపెట్టే మాటలు.

ముందుగా చట్టం సంగతి చూద్దాం. పదిహేనేళ్లు నిండగానే సొంత కారు రోడ్డెక్కకూడదన్న నిబంధన హైదరాబాద్‌లో లేదు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించి, 2018లో సుప్రీంకోర్టు బలపరచిన ఆంక్షలు ఢిల్లీ జాతీయ రాజధాని ప్రాంతానికి సంబంధించినవి. సందేశం రాసినవారు వాటిని దేశమంతటికీ అంటగట్టారు. మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత తనిఖీలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఇందుకు కట్టే రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. రుసుము భారమే, కాదనను; కానీ భారం వేరు, నిషేధం వేరు. ఏపీ 09 నంబరు పలకతో నేటికీ నగరంలో తిరుగుతున్న కార్లలో పదిహేనేళ్లు దాటినవి ఎన్నో ఉన్నాయి, పత్రాలు సరిగా ఉన్నంతకాలం వాటిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. పైగా తనిఖీలో నెగ్గాలన్నా, కాలుష్య ధ్రువపత్రం రావాలన్నా ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఇంజన్ ఆయిల్ వేళకు మారుస్తూ ఉండాలి. సందేశం వద్దంటున్న పనులు సరిగ్గా ఇవే.

కంప్యూటర్ వాదన వినడానికి గట్టిగా ఉంటుంది కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. దేశంలో అమ్మే కార్లలో లోపాన్ని తనంతట తానే గుర్తించే ఓబీడీ వ్యవస్థను 2010 నుంచి తొలి దశగా, 2013 ఏప్రిల్ నుంచి పూర్తి స్థాయిలో తప్పనిసరి చేశారు. దీని వల్ల యజమానికి ఇంజన్ దూరం కాలేదు, దగ్గరైంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు తగిలించే బ్లూటూత్ రీడర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోనులోని ఒక యాప్ దాన్ని చదువుతుంది. ఉదాహరణకు 2012 నాటి వ్యాగన్ ఆర్ వణుకుతూ, పికప్ లేకుండా, డ్యాష్‌బోర్డులో పసుపుపచ్చ ఇంజన్ దీపంతో నడుస్తోందనుకుందాం. రీడర్‌లో పి0301 అనే లోపం కోడ్ కనబడితే, మొదటి సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. ఆ కారులోని కె-సిరీస్ ఇంజన్‌లో ఒక్కో ప్లగ్గు మీద, దానికి నిప్పురవ్వ పుట్టించే కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ ఒక్కోటి ఉంటుంది. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, పది నంబరు బోల్టు విప్పి మొదటి సిలిండర్ కాయిల్‌ను రెండో దానికి, రెండో దాన్ని మొదటి దానికి మార్చి, కోడ్ చెరిపేసి కాసేపు నడపాలి. ఈసారి రెండో సిలిండర్‌ను సూచించే పి0302 వస్తే లోపం కాయిల్‌తో పాటే కదిలిందన్నమాట, అంటే మార్చాల్సింది ఆ ఒక్క కాయిల్. కోడ్ కదలకపోతే ప్లగ్గును, ఆ తరువాత పెట్రోలును చిమ్మే ఇంజెక్టర్‌ను అనుమానించాలి. ఇంత తేలికైన పరీక్ష చేయకుండా మూడు కాయిల్స్, మూడు ప్లగ్గులు, ఒక సెన్సార్ కలిపి ఎస్టిమేట్ రాసే చోట్లు నగరంలో లేకపోలేదు. ఇంకా పాత కార్లు, అంటే కార్బొరేటర్ కాలం నాటి మారుతీ 800 లాంటివి, ఈ వాదన పరిధిలోకే రావు, ఎందుకంటే వాటిలో కంప్యూటర్ అసలే లేదు.

ఇన్సూరెన్స్ గురించి చెప్పింది పొరపాటు. ఆయిల్, ఫిల్టర్, బ్యాటరీ, వైపర్ వంటివి యజమానే మార్చుకున్నందుకు క్లెయిమ్ చెల్లదనే షరతు మామూలు మోటారు పాలసీలో ఉండదు. అరుగుదల, యంత్ర లోపాలకు మామూలు పాలసీ ఎలాగూ డబ్బివ్వదు, ఆ రిపేరు ఎవరు చేసినా సరే. కంపెనీకి తప్పక తెలియజేయాల్సింది వాహనాన్ని మార్పు చేసినప్పుడు. సీఎన్‌జీ కిట్ పెట్టి ఆర్‌సీలో, పాలసీలో చేర్పించకపోతే అప్పుడు చిక్కు వస్తుంది. వారంటీ విషయం ఇంకా విచిత్రం, పదిహేనేళ్ల కారుకు పోవడానికి వారంటీ మిగిలి ఉంటే కదా.

స్పేర్లు దొరకవన్న వారు సికింద్రాబాద్ రాణీగంజ్ వైపు ఒక్కసారైనా వెళ్లినట్టు లేదు. మారుతీ, హ్యుందాయ్ వంటి ఎక్కువగా అమ్ముడైన కార్లకు కంపెనీ స్పేర్లతో పాటు, కారు కంపెనీలకే సరఫరా చేసే తయారీదారులు తమ సొంత పేరుతో అమ్మేవి కూడా అక్కడ దొరుకుతాయి. డూప్లికేట్లూ దొరుకుతాయి, అందుకే పాత భాగాన్ని చేత పట్టుకుని వెళ్లి నంబరు సరిపోల్చి, బిల్లు అడిగి కొనాలి. తక్కువ సంఖ్యలో అమ్ముడై, తయారీదారే దేశం విడిచి వెళ్లిన కార్ల విషయంలో మాత్రం సందేశం చెప్పింది కొంత నిజం; వాటి డోర్ ప్యానెల్, హెడ్‌లైట్ కోసం తిరగాల్సే వస్తుంది.

ఇక ప్రాణాల మాట. ఇక్కడ సందేశానికి నేను సగానికి పైగా ఒప్పుకుంటాను, అయితే అది గీసిన గీత సరైన చోట లేదు. చూడాల్సింది కారు వయసు కాదు, పని చెడితే ఏమవుతుందన్నది. బ్యాటరీ పని చెడితే కారు సెల్లార్‌లోనే నిలిచిపోతుంది. బ్రేకు పని చెడితే పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతుండగా తెలుస్తుంది. అందువల్ల బ్రేకు పైపులు, స్టీరింగ్, బిగుతుగా నొక్కి ఉండే సస్పెన్షన్ స్ప్రింగులు, ఎయిర్‌బ్యాగులు, ఏసీ గ్యాసు, టైమింగ్ బెల్టు అనుభవం ఉన్న మెకానిక్ షెడ్డుకే వదలాలి. పెట్రోలు గొట్టాలనైతే మన కళ్లతో చూసుకోవాలి, మార్పించుకోవడం మాత్రం షెడ్డులోనే. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, దాన్ని దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత కార్ల రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తున్నాయేమో, బానెట్ తెరిస్తే పెట్రోలు వాసన వస్తోందేమో గమనిస్తూ ఉండాలి.

జాకీ గురించి సందేశంలో ఒక్క మాటా లేదు, ఇంట్లో జరిగే ప్రమాదాల్లో ముందు చెప్పాల్సింది అదే. డిక్కీలో ఉండే జాకీ స్టెప్నీ మార్చడానికి ఇచ్చింది, దాని మీద నిలబెట్టిన కారు కిందికి ఏ పరిస్థితిలోనూ దూరకూడదు. మన సెల్లార్లలో నున్నటి నేల, పక్కనే ర్యాంపు వాలు ఉంటాయి కనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కారు బరువును కదలకుండా మోసే జాక్ స్టాండ్ల మీద దాన్ని ఆనించాకే కింద చేయి పెట్టాలి. స్టాండ్లు లేనివారు ఆయిల్ మార్చే పని మానుకోవడమే మేలు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తిప్పకూడదు, లోపలి నీరు ఒత్తిడితో ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తీసి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. నగరంలో ఏప్రిల్, మే ఎండలకు బ్యాటరీలు త్వరగా దెబ్బతింటాయి గానీ, సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకునే కారులో తప్పు ప్రతిసారీ బ్యాటరీదే కాదు. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లని, నీలిపచ్చని పొరను వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, బిగించి చూడాలి. మల్టీమీటర్ పెడితే ఆపి ఉంచిన కారులో 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే సుమారు 14 వోల్టులు చూపాలి. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే కొత్త బ్యాటరీ కొన్నా లాభం లేదు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు చూడాలి.

సందేశం లేవనెత్తి ఉంటే నేను పూర్తిగా సమర్థించే అభ్యంతరం ఒకటుంది, దాన్నే అది వదిలేసింది. చిన్న కారు నుంచి దించిన మూడు లీటర్ల నల్లటి ఆయిల్‌ను డ్రైనేజీలో పోసేవాళ్లున్నారు. ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వచ్చే ఆ ఆయిల్ నాలాల గుండా చెరువులకు, మూసీకి చేరుతుంది. పాత డబ్బాలోనే నింపి, వాడిన ఆయిల్‌ను పోగుచేసి రీసైక్లింగ్‌కు పంపే షెడ్డులో ఇవ్వాలి. అంత ఓపిక లేనివారిని ఆయిల్ జోలికి పోవద్దని అసోసియేషన్ వారు అడ్డుకున్నా నేను తప్పుపట్టను.

చివరిది అమ్మకపు ధర. పదిహేనేళ్లు దాటిన కారు కొనేవారు చూసేది పత్రాలు, తుప్పు, ఇంజన్ చప్పుడు. సర్వీస్ సెంటర్ ముద్ర లేనంత మాత్రాన వారు వెనక్కి పోరు, ఏ భాగం ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాసిన నోటు పుస్తకం, దానితో పాటు దుకాణం బిల్లులు చూపిస్తే బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.