గోడ సాయం కావాల్సింది ఫోన్‌కు కాదు, ట్యాగ్‌కు

రేడియో సిగ్నల్‌ను కావాల్సిన చోటికి మళ్లించే గోడ పలకలను, అంటే స్మార్ట్ ప్యానెళ్లను, కంపెనీలు ఫోన్ల కోసమే చూస్తున్నాయి. వాటి అవసరం ఎక్కువ బ్యాటరీ లేని ట్యాగ్‌లకే అంటాను. కారు అద్దం మీద అంటించే ఫాస్టాగ్‌నే చూడండి, అందులో బ్యాటరీ ఉండదు. టోల్ గేటు మీది రీడర్ పంపే రేడియో తరంగం నుంచే కాస్త కరెంటు లాక్కుని, అదే తరంగంలో తన నంబరు కలిపి వెనక్కి కొడుతుంది. చవక, మన్నిక, అన్నీ బాగానే ఉన్నాయి. చిక్కల్లా దూరంతోనే. తరంగం పోతూ నీరసిస్తుంది, వస్తూ నీరసిస్తుంది. దూరం రెట్టింపైతే రీడర్‌కు తిరిగి చేరేది పదహారో వంతే.

2013లో వాషింగ్టన్ యూనివర్సిటీలో శ్యామ్ గొల్లకోట, వంశీ తల్లా తదితరుల బృందం ఇంకో అడుగు వేసింది. గాలిలో ఎలాగూ తిరిగే టీవీ సిగ్నల్‌నే వాడుకుని బ్యాటరీ లేని రెండు పరికరాల చేత మాట్లాడించింది. కాకపోతే ఆరుబయట కూడా రెండున్నర అడుగుల దూరమే!

స్మార్ట్ ప్యానెల్ పనికొచ్చేది ఇక్కడే. గోడకు బిగించే ఈ పలకలో వందలు, వేల చిన్న యాంటెనాలుంటాయి. అది సొంతంగా సిగ్నల్ పుట్టించదు. ఒక్కో యాంటెనా స్విచ్ మారుస్తూ, చెదిరిపోయే తరంగాలన్నీ ఒకేచోటికి చేరేలా తిప్పుతుంది. 2020లో ఎంఐటీ వాళ్లు 3,000కు పైగా యాంటెనాలతో గదిలో సిగ్నల్ బలాన్ని సుమారు 9.5 రెట్లు పెంచి చూపించారు.

కంపెనీల హడావుడి మాత్రం 5జీ చుట్టూనే. 2018లోనే జపాన్ మొబైల్ కంపెనీ ఎన్‌టీటీ డొకోమో టోక్యోలో 28 గిగాహెర్ట్జ్ 5జీ సిగ్నల్‌పై ఇలాంటి ప్రయోగం చేసింది. నాకు అంత నమ్మకం లేదు. మొబైల్ ఆపరేటర్‌కు వేరే దారులున్నాయి: పవర్ పెంచొచ్చు, సిగ్నల్‌ను అందుకుని బలం పెంచి మళ్లీ పంపే రిపీటర్ పెట్టుకోవచ్చు. మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ కూడా తన రిలీజ్ 18 ప్రమాణాల్లో చోటిచ్చింది రిపీటర్లకే, ఈ పలకలకు కాదు. పాపం, ట్యాగ్‌కు గొంతు పెంచుకునే దారే లేదు.

అయితే ట్యాగ్ ఎక్కడుందో ప్యానెల్‌కు తెలిసేదెలా? నేనిక్కడున్నానని ముందే కేకేసే శక్తి ట్యాగ్‌కు ఉండదు. ఎంఐటీ వాళ్లు ఒక్కో యాంటెనానూ విడిగా కొలవకుండా, స్విచ్‌లను ఇష్టమొచ్చినట్టు మార్చిచూసి, ఏ అమరికలో సిగ్నల్ పెరిగిందో ఓట్లు లెక్కేసినట్టు తేల్చారు. దానికి టైమ్ పడుతుంది. దూసుకుపోయే కారుకు కుదరదు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో నెలల తరబడి కదలని మిర్చి టిక్కీల (బస్తాల) మీది ట్యాగ్‌లకైతే తొందరేముంది?

ఇంకో లెక్క ఉంది. ట్యాగ్ మైక్రోవాట్లతో బతుకుతుంది. ప్యానెల్ స్విచ్‌లను నడిపే కంట్రోలర్‌కు మాత్రం తీగ లాగి కరెంటివ్వాలి. ట్యాగ్ దగ్గర మిగిల్చింది గోడ దగ్గర తగలేస్తే పొదుపు ఎక్కడ? అమ్మడానికి వచ్చే కంపెనీని రేంజ్ కంటే ముందు ఈ లెక్కే అడగాలి.