బల్ల కిందా, బీరువా పక్కనా? ‘ట్రయాంగిల్ ఆఫ్ లైఫ్’ సందేశానికి ఖండన

భూకంపం వచ్చినప్పుడు బల్ల కింద దూరినవారు నలిగి చనిపోతారనీ, సోఫా, బీరువా వంటి బరువైన వస్తువు పక్కన ముడుచుకుని పడుకుంటే కూలిన కప్పుకూ ఆ వస్తువుకూ మధ్య మిగిలే త్రికోణాకారపు ఖాళీలో బతకవచ్చనీ చెప్పే సందేశం 2004 ప్రాంతం నుంచి మెయిళ్లలోనూ, తరువాత వాట్సాప్‌లోనూ తిరుగుతోంది. డగ్ కాప్ అనే వ్యక్తి ప్రచారం చేసిన ఈ సలహాను పాటిస్తే ప్రాణానికే ముప్పు.

అందులో చూపే ప్రధాన సాక్ష్యం 1996లో టర్కీలో ఒక భవనంలో మనుషుల బొమ్మలను ఉంచి చేసిన ప్రయోగం. అక్కడ యంత్రంతో స్తంభాలను పడగొట్టి భవనాన్ని కూల్చారే తప్ప నేలను కదిలించలేదు. నిజమైన భూకంపంలో ముందు వచ్చేది ఊపు. ఆ ఊపుకు సామాన్లు జరుగుతాయి, ఎత్తైన బీరువా మనం పడుకున్న వైపే బోర్లా పడవచ్చు. ఖాళీ ఎక్కడ మిగులుతుందో కూలిన తరువాతే తెలుస్తుంది.

అసలు లోపం మరొకటి ఉంది: ప్రతి భవనమూ పూర్తిగా కూలుతుందని ఈ సందేశం అనుకుంటుంది. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ దాకా తెలిసినా భవనాలు నేలమట్టం కాలేదు. ఎక్కువ భూకంపాల్లో మనుషులను గాయపరిచేవి ఊడిపడే పెచ్చులు, పగిలే అద్దాలు, అటకల మీది సామాన్లు. అందుకే మోకాళ్ల మీదికి వంగి, బల్ల కింద చేరి, ఒక చేత్తో తలా మెడా కప్పుకుని, రెండో చేత్తో బల్ల కాలు పట్టుకోవాలి. బల్ల జరిగితే దానితోపాటే జరగాలి. బల్ల లేకపోతే కిటికీలకు దూరంగా లోపలి గోడ దగ్గర వంగి, రెండు చేతులతో తలను కాపాడుకోవాలి.

మంచం మీంచి కిందికి దొర్లమని ఆ సందేశం చెప్పడం కూడా తప్పే. మంచం మీదే బోర్లా పడుకుని దిండుతో తల కప్పుకోవడం మేలు. కారు దిగి పక్కన పడుకోమన్న మాటా అంతే, వంతెనలకూ స్తంభాలకూ దూరంగా ఆపి లోపలే ఉండాలి. గుమ్మం కింద నిలబడవద్దన్నది మాత్రం సరైన సూచనే.

ఒక మినహాయింపును ఒప్పుకోవాలి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో రాళ్లు, మట్టితో కట్టిన బరువైన ఇళ్లు నిద్రలో ఉన్నవారిపై కూలి వేలమంది చనిపోయారు. అలాంటి ఇంట్లో బల్ల కిందనైనా, బీరువా పక్కననైనా రక్షణ తక్కువే. నేల అంతస్తులో ఉండి, వాకిలి రెండు అడుగుల దూరంలో ఉండి, బయట ఖాళీ స్థలం ఉంటే, మొదటి కదలికకే బయటికి వెళ్లిపోవాలి.