సవరణ: ఇటలీ జనన మరణ రికార్డులు 1866తోనే మొదలవలేదు

ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన పూర్వీకుల జాడ తీయడం గురించి మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. ఇటలీలో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1866లో మొదలైందని, అంతకు ముందైతే చర్చి పుస్తకాలే దిక్కని రాశాను. అది దేశమంతటికీ వర్తించదు. సరిచూసుకోకుండా రాసిన పొరపాటు నాదే.

నేపుల్స్ రాజ్యంలో, అంటే దక్షిణ ఇటలీ ప్రధాన భూభాగంలో, ఈ నమోదు 1809లోనే మొదలైంది. సిసిలీలో 1820 నుంచి ఉంది. ఇటలీ ప్రభుత్వ ఆర్కైవ్స్ వాళ్ల ఆన్‌లైన్ రిజిస్టర్లు చూశాకే నాకిది తెలిసింది. అమెరికా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది దక్షిణాదివాళ్లే కాబట్టి, నా మాట నమ్మి 1866 దగ్గర ఆగిపోతే అర్ధ శతాబ్దం రికార్డులు చేజారినట్టే. పైగా అక్కడి పెళ్లి రిజిస్టర్లకు జతగా ఒక కాగితాల కట్ట ఉంటుంది. అందులో వధూవరుల జనన నకళ్లు, తండ్రి చనిపోయి ఉంటే ఆయన మరణ నకలు, చాలాచోట్ల తాతగారిది కూడా దొరుకుతాయి. ఒక్క పెళ్లితో మూడు తరాలు బయటపడతాయి!

ఇంకో మాట. అమెరికా పౌరసత్వ కాగితాల్లో పుట్టిన ఊరు ఉంటుందన్నాను. అది 1906 సెప్టెంబర్ 27 తర్వాత దేశమంతా ఒకే ఫారం వచ్చాక తయారైన కాగితాల సంగతి. అంతకుముందు ఒక్కో కోర్టుది ఒక్కో పద్ధతి. చాలావాటిలో “ఇటలీ రాజుకు విధేయత వదులుకుంటున్నాను” అన్న వాక్యమే తప్ప ఊరి పేరు కనిపించదు. అలాంటప్పుడు ఓడ ప్రయాణికుల జాబితాలో చివరి నివాసం గడి చూడండి.