దోమలకు ధూపం, మనకు దగ్గు

మా వార్డులో దోమల నిర్మూలన కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది. దోమలతో సహా అందరూ హాజరయ్యారు.

వానలు మొదలైనప్పుడు అడిగితే మందు రాలేదన్నారు. మందు వచ్చాక డీజిల్‌కి బిల్లు పాస్ కాలేదన్నారు. డీజిల్ కూడా వచ్చాక పెద్దాయన ఊళ్లో లేరన్నారు. చివరికి ఇంటికొకరు మంచం పట్టాక పొగబండి వచ్చింది. మీ ఊళ్లోనూ ఇంతేనని తెలుసు కాబట్టి ఈ భాగాన్ని ఎక్కువ సాగదీయను.

పొగబండిని ఆఫీసు కాగితాల్లో ఫాగింగ్ మెషీన్ అంటారు. డీజిల్లో కాస్త దోమల మందు కలిపి, వేడి చేసి, తెల్లటి పొగగా ఊదుతుంది. గాల్లో ఎగిరే దోమకు ఆ పొగ సరిగ్గా తగిలితే చస్తుంది. నీళ్లలో ఈదుతున్న దోమపిల్లలకు మాత్రం ఏమీ కాదు. పైన పొగ తేలిపోయాక అవి పెరిగి పెద్దవై, రెక్కలు వచ్చి, యథావిధిగా విధుల్లో చేరతాయి. ఈ సంగతి మలేరియా విభాగంలో నిన్న చేరిన కుర్రాడికి కూడా తెలుసు. నీళ్లు నిలవకుండా చూడాలి, కాలువలు తీయాలి, నిలిచిన నీళ్లలో మందు చల్లాలి, జబ్బు బాగా ముదిరిన చోట వీటికి తోడుగా పొగ కూడా కొట్టాలి. పుస్తకంలో ఉన్నది ఇదీ. ముందు చెప్పిన మూడూ మానేసి చివరిది మాత్రం చేయడం మనవాళ్లు సొంతంగా కనిపెట్టిన పద్ధతి.

ఎందుకు కనిపెట్టారో ఊహించడం కష్టమేమీ కాదు. కాలువ తీస్తే ఏం కనబడుతుంది? బురద. బురదతో ఫొటో దిగితే ఏం బాగుంటుంది? పొగైతే తెల్లగా ఉంటుంది, పైకి లేస్తుంది, చప్పుడు చేస్తుంది, వెనకాల పిల్లలు పరిగెత్తుతారు. దూరంగా మేడ మీద నిలబడిన ఓటరుకు కూడా ప్రభుత్వం పనిచేస్తున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది.

ఇక ప్రారంభోత్సవం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది.

పొగయంత్రాన్ని ఆటో ట్రాలీలో తెచ్చి కూడలిలో పెట్టారు. పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. వెనకాల ఫ్లెక్సీ. అందులో పెద్దాయన నిలువెత్తు ఫొటో, ఆ పక్కన కాస్త తగ్గించి చిన్నాయన ఫొటో, కింద వరసగా పాస్‌పోర్ట్ సైజులో అనుచరులు, చివరి మూలన ఒక దోమ. దోమను కూడా అనుచరుల్లో ఒకరనుకుంటారేమోనని దాని మీద ఎర్రగీత కొట్టారు. నాలుగింటికి రావలసిన పెద్దాయన చీకటి పడే వేళకు వచ్చారు. అప్పటిదాకా జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆయన కోసం కాదు, కాళ్ల మీదా చేతుల మీదా.

పెద్దాయన కొబ్బరికాయ కొట్టారు. పగల్లేదు. మళ్లీ కొట్టారు. పగిలింది. అంతటితో అయిపోతే అది మన దేశం కాదు. చిన్నాయన ఒకటి కొట్టారు. మహిళా విభాగం తరఫున ఒకటి, యువజన విభాగం తరఫున ఒకటి, ఏ విభాగంలోనూ లేక అలిగి నిలబడిన ఒకాయన చేత బతిమాలి మరొకటి కొట్టించారు. ఆ నీళ్లన్నీ మెషీన్ మీద పడ్డాయి. మెషీన్ స్టార్ట్ కాలేదు.

దాన్ని నడిపే అబ్బాయి అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి. ముఖానికి జేబురుమాలు కట్టుకుని ఉన్నాడు. పెద్దాయనకు, చిన్నాయనకు, ఫొటోగ్రాఫర్‌కు కూడా మాస్కులు ఇచ్చారు గానీ పొగ పీల్చే ఉద్యోగం చేసేవాడికి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. వాడు తిప్పలుపడి మెషీన్‌ను దారిలోకి తెచ్చాడు. ఒక్కసారిగా భళ్లున పొగ లేచింది. పెద్దాయన గొట్టం చేతిలోకి తీసుకున్నారు. పొగలో పెద్దాయన కనబడలేదు.

"సార్, పొగలో మీరు పడట్లేదు" అన్నాడు ఫొటోగ్రాఫర్.

పొగ ఆపారు. ఫొటో తీశారు. చూసుకుంటే ఆయన ఊరికే గొట్టం పట్టుకుని నిలబడినట్టుంది. "పొగ లేకపోతే ఏం బాగుంటుందయ్యా" అన్నారు. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి గాలి ఎదురు తిరిగి పొగంతా మహిళా విభాగం మీదికి పోయింది. గొట్టాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ఆఖరికి ఫొటోగ్రాఫర్ వైపే పెట్టి, ఆయన దగ్గుతూ ఫొటో తీసే ఏర్పాటు చేశారు. అంతవరకు మందంతా ఆ కూడలిలోనే ఖర్చయింది. తర్వాత బండి పెద్దాయన ఉండే వీధిలోకి వెళ్లి ఆయన ప్రహరీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి షెడ్డుకు వెళ్లిపోయింది. మా వీధికి చప్పుడు వినబడింది.

అందరూ వెళ్లిపోయాక కూడలిలో ఏం మిగిలాయో చూడండి. పగలగొట్టిన కొబ్బరిచిప్పలు. తాగి పారేసిన టీ కప్పులు. ఆ రాత్రి వాన పడింది. డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుక్కాలువ అక్కర్లేదు. అది కాస్త శుభ్రత పాటించే రకం. కొబ్బరిచిప్పలో వాననీళ్లు, పాత టైరు, కూలర్ అడుగు, పూలకుండీ కింది పళ్లెం ఉంటే చాలు. గుడ్లను నీటి అంచుకు కొంచెం పైన గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ తడి తగలగానే లేస్తాయి. అనుకూలంగా ఉంటే వారం పది రోజుల్లో దోమ తయారు. వారానికో రోజు డ్రై డే పాటించి తొట్లు తోమి ఎండబెట్టమని చెప్పేది ఇందుకే. దోమల నిర్మూలన సభ పెట్టిన చోటే దోమలకు కావలసిన సౌకర్యాలన్నీ, కొబ్బరిపీచుతో సహా, మనవాళ్లు సమకూర్చి వెళ్లారు. ఆ చిప్పలు ఎత్తడానికి ముహూర్తం ఇంకా కుదరలేదు.

సమయపాలన గురించి కూడా ఒక మాట. ఏడిస్ పగటి ఉద్యోగి. తెల్లవారాక కాసేపు, పొద్దు వాలే ముందు కాసేపు దానికి బాగా పని. మిగతా సమయంలో ఇంట్లోనే, కర్టెన్ల వెనకాల, మంచాల కింద, అల్మరా చీకట్లో విశ్రాంతి. మన బండి చీకటి పడ్డాక వీధిలో తిరుగుతుంది. అధికారులేమో పొగ లోపలికి రావాలి, తలుపులు తెరిచి పెట్టండి అంటారు. జనం చప్పుడు వినగానే కిటికీలు కూడా బిగిస్తారు. లోపల మనమూ దోమలూ క్షేమంగా ఉంటాం. బయట వీధికుక్కలు దగ్గుతాయి.

ఇదంతా మనకు ఎవరూ చెప్పకపోతే సరే అనుకోవచ్చు. దోమకూ మలేరియాకూ ఉన్న బంధాన్ని పట్టుకున్నది మన సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిసరాల్లోనే. బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు చెమటలు కక్కుతూ సూక్ష్మదర్శిని కింద దోమ పొట్ట కోసి అందులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమల చేత ఆయన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు కూడా. అంటే నిజాం కాలంలో దోమకాటుకు రేటు ఉండేది. ఇప్పుడు మనమే మునిసిపాలిటీకి పన్ను కట్టి కుట్టించుకుంటున్నాం. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఆయన కనిపెట్టిన ఆ రోజునే ప్రపంచ దోమల దినోత్సవం జరుపుతారు. ఆ రోజు మన దగ్గర ఏం జరుపుతారో చెప్పాలా? ర్యాలీ.

ర్యాలీలంటే గుర్తొచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో దోమలపై దండయాత్ర అని ప్రభుత్వమే పేరు పెట్టి కార్యక్రమం చేసింది. పిల్లలు ప్లకార్డులు పట్టుకుని ఎండలో నడిచారు. దోమకు చదువు రాదన్న చిన్న ఇబ్బంది ఒక్కటే వచ్చింది. ఏ ప్రభుత్వం వచ్చినా ప్లకార్డుల మీద రంగు మారుతుంది, పొగ మాత్రం తెల్లగానే ఉంటుంది కాబట్టి ఇందులో రాజకీయాలు వెతక్కండి.

నవ్వడం ఇక్కడితో చాలిద్దాం. మా వెనకవీధిలో ఏడో తరగతి చదివే పిల్ల ఆ వారంలోనే పోయింది. ల్యాబ్‌లో కిట్ పరీక్ష డెంగీ పాజిటివ్ అంది. కిట్ పరీక్ష లెక్కలోకి రాదట. ఎలీసా అనే మరో రక్తపరీక్షలో తేలితేనే డెంగీ. కిట్లు పొరబడతాయి, కాబట్టి ఆ నిబంధనను తప్పుపట్టను. మరి ఆ పిల్ల రక్తం ఎలీసాకు పంపాలి కదా? పంపలేదు. పంపకపోతే తేలదు. తేలకపోతే డెంగీ లేదు. డెంగీ లేకపోతే వార్డులో దోమలు లేవు. దోమలు లేకపోతే కాలువ తీయనివాడి తప్పు లేదు. ఎంత శుభ్రంగా ఉందో చూడండి ఈ లెక్క! కాలువ ఒక్కనాడైనా ఇంత శుభ్రంగా ఉందా? సమీక్ష సమావేశంలో "మా పరిధిలో డెంగీ మరణాలు సున్నా" అని చదివిన మనిషికి ఆ పిల్ల ఇంటి అడ్రసు తెలుసు. ఏ కాగితంలో ఏ గడి ఖాళీగా వదిలేస్తే ఆ పిల్ల లేనట్టు అవుతుందో కూడా తెలుసు. సిగ్గు లేదా అని అడగాలనుంది. అడిగితే దానికీ ఒక ఫారం ఇస్తారు.

ఆసుపత్రుల సంగతి వేరే చెప్పాలి. రక్తస్రావం లేకపోతే ప్లేట్‌లెట్లు పదివేలకు దిగేదాకా ఎక్కించనక్కర్లేదని మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర లక్ష అనే మాట వినగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్, తాకట్టుకు బంగారం. బొప్పాయి ఆకుల కోసం ఒకడు, దాతల కోసం ఇంకొకడు, అప్పు కోసం తండ్రి. ప్రభుత్వ రికార్డుల్లో ఆ పిల్లది విషజ్వరం. ఆమె తండ్రి ఇంకా వడ్డీ కడుతున్న ఆసుపత్రి బిల్లులో మాత్రం, మొదటి పేజీలోనే, డెంగీ అని ఉంది.