డబ్బు ఉంది, మనిషి లేడు

మా సీనియర్ గారి బ్యాకప్ స్క్రిప్టు చాలా క్రమశిక్షణ గలది. రాత్రి రెండింటికి మొదలై, మా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని టేబుల్‌కో మైఎస్‌క్యూఎల్‌డంప్ (డేటాని ఫైల్లోకి కాపీ చేసే) కమాండ్ చొప్పున అక్షరక్రమంలో లాగేస్తుంది. ముందు కస్టమర్స్, బాగా తర్వాత పేమెంట్స్. ఈలోగా సైట్ నిద్రపోదు కదా! నిద్ర పట్టని మనిషెవరో వచ్చి, రిజిస్టర్ చేసుకుని, డబ్బు కూడా కట్టేస్తాడు. బ్యాకప్‌లో ఆయన డబ్బు ఉంటుంది, ఆయన ఉండడు. పనోరమా ఫోటో తీస్తుంటే మధ్యలో ఎవరో కదిలి, చెయ్యొకటే పడ్డట్టు.

సర్వర్ మార్చాల్సి వచ్చి దాన్నే రిస్టోర్ చేస్తే ఒక్క ఎర్రరూ రాలేదు. రాదు కూడా. డంప్ ఫైల్ తల మీదే ఫారిన్ కీ తనిఖీలు, అంటే ఈ పేమెంటుకి కస్టమర్ ఉన్నాడా లాంటివి, ఆపెయ్యమని రాసి ఉంటుంది. తర్వాత తనిఖీలు మళ్ళీ మొదలైనా, అప్పటికే లోపలికి వచ్చినవాళ్ళని ఎవరూ అడగరు.

అకౌంట్స్ మేడమ్ అడిగారు.

"ఈ డబ్బు కట్టిందెవరండీ?"

"కస్టమరేనండీ."

"పేరు?"

"ఆయన ఇంకా పుట్టలేదండీ."

దాంతో సీనియర్ గారికి పౌరుషం వచ్చింది. అన్ని టేబుల్సూ ఒకేసారి ఆపేస్తే సరి అని పట్టపగలే 'ఫ్లష్ టేబుల్స్ విత్ రీడ్ లాక్' కొట్టారు. అది పడాలంటే అప్పటికే నడుస్తున్న క్వెరీలు ముగియాలి. సరిగ్గా అప్పుడే మేడమ్ ఆ అనాథ పేమెంట్లను వెతికే పెద్ద రిపోర్టు నడుపుతున్నారు. రిపోర్టు అయ్యేదాకా లాక్ ఆగింది. లాక్ వెనకాల సైట్ మొత్తం ఆగింది. పాపం మేడమ్, సైట్ ఎందుకు రావట్లేదని ఫోన్ చేసింది కూడా ఆవిడే.

చివరికి ఎవరో, అన్ని టేబుల్సూ ఒకే డంప్ కమాండ్‌తో తీస్తూ 'సింగిల్ ట్రాన్సాక్షన్' ఆప్షన్ పెట్టమని చెప్పారు. టేబుల్స్‌ని నడిపే ఇన్నోడీబీ ఇంజిన్ డేటా పాత వెర్షన్లు దాచుకుంటుంది కాబట్టి, డంప్ మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో చివరిదాకా అలాగే చూపిస్తుంది, రాసేవాళ్ళని ఆపదు. నిజంగా మంచి ఏర్పాటు. కాకపోతే మా ఇన్వాయిస్ నంబర్ల టేబుల్ ఒకటి మైఐసామ్ అనే పాత ఇంజిన్ కాలం నాటిది. మైఎస్‌క్యూఎల్ 5.5కి ముందు డిఫాల్టు అదే. దానికి ట్రాన్సాక్షన్ అంటే ఏమిటో తెలీదు. దాన్నీ ఇన్నోడీబీకి మార్చేశాం.

ఇక టెన్షన్ లేదనుకుంటుండగా, కుర్ర డెవలపర్ ఒకడు సరిగ్గా బ్యాకప్ సమయంలో ఆల్టర్ టేబుల్ నడిపాడు. టేబుల్ రూపం మారింది, దయచేసి మళ్ళీ ప్రయత్నించండి అని మర్యాదగా చెప్పి డంప్ సగంలో ఆగిపోయింది. డంప్‌ని పైపు ద్వారా అందుకునే జీజిప్ ఆ సగాన్నే శ్రద్ధగా కుదించి, తన పని తాను పూర్తి చేసింది. పైపులో చివర ఉన్నవాడి మాటే లెక్క కాబట్టి, బ్యాకప్ విజయవంతం అని అందరికీ మెయిల్ వెళ్ళింది.

బతిమాలి స్క్రిప్టులో, పైపులో ఎవరు ఫెయిలైనా ఫెయిలే అనే 'పైప్‌ఫెయిల్' పెట్టించాం. మరోసారి అదే ఆల్టర్ టేబుల్ తగిలి, ఈసారి నిజం చెబుతూ ఫెయిల్ అయిందని మెయిల్ వచ్చింది. ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా ఫెయిల్ కాని స్క్రిప్టుని మేమే పాడుచేశామని సీనియర్ గారు మా అందరి మీదా మేనేజర్‌కి ఫిర్యాదు చేశారు.